తొవ్వ తప్పకుండా: జీపీఎస్‌నూ కాగితపు పటాన్నీ కలిపి వాడటం

తారురోడ్డు దిగాక దారి చూపే సాధనాలు రెండు: చేతిలోని జీపీఎస్, సంచిలోని కాగితపు పటం. మనిషి ఎక్కడ నిలబడ్డాడో జీపీఎస్ చెబుతుంది. ఆ చోటు చుట్టూ ఏముందో పటం చెబుతుంది: వాగు ఎటు పారుతుంది, గుట్ట ఏ వైపున నిటారుగా ఉంది, దగ్గరి ఊరు ఎంత దూరం. రెండూ ఎందుకు, ఒకటి చాలదా? చాలదు. బ్యాటరీ అయిపోయిన జీపీఎస్ ఉన్నా లేనట్టే. నిలబడ్డ చోటు తెలియనివాడి చేతిలో పటం ఉన్నా లాభం లేదు. ఈ రెండూ చెప్పేది, కళ్ల ముందు నేల మీద కనబడేది ఒక్కటేనా అని ప్రతి చీలిక దగ్గరా సరిచూసుకోవడమే ఈ విద్య. ఇది అలవాటుతో వచ్చే నేర్పు. నాలుగైదు ఆదివారాలు ఓపిగ్గా తిరిగితే ఎవరికైనా పట్టుబడుతుంది.

నేర్చుకోవడానికి కొడంగల్, తాండూరు, వికారాబాద్ ప్రాంతం మంచి బడి. మూసీ పుట్టే అనంతగిరి గుట్టల్లో చెట్ల గుబురు చూపును ఆపుతుంది. తాండూరు చుట్టూ నాపరాయి గనులు ఏటేటా నేల రూపు మారుస్తాయి. కొడంగల్ వైపు కంది చేలు ఏపుగా పెరిగిన నెలల్లో బాట పక్కనున్న గుర్తులన్నీ మూసుకుపోతాయి. ఈ మూడు చోట్లా తొవ్వ పట్టగలిగినవారికి కొత్త ప్రాంతాల్లోనూ పెద్దగా తడబాటు ఉండదు.

ఇంటి దగ్గరే సగం పని

1. సరైన షీటు తెచ్చుకోవాలి. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 స్కేలులో దేశమంతటికీ టోపోషీట్లు తయారుచేసింది. ఈ స్కేలులో పటం మీద 2 సెంటీమీటర్లు నేల మీద 1 కిలోమీటరు. పౌరుల వాడకానికి ఉద్దేశించిన ఓపెన్ సిరీస్ మ్యాప్‌లను ఆ సంస్థ ఆన్‌లైన్ పోర్టల్‌లో ఖాతా తెరిచి దించుకోవచ్చు. పాత సంఖ్యల ప్రకారం కొడంగల్ 56జి/12 షీటులో, వికారాబాద్ 56జి/15లో పడతాయి. తాండూరు షీటు అంచుకు దగ్గరగా ఉంది కాబట్టి 56జి/12తో పాటు దాని ఉత్తరాన ఉన్న 56జి/11 కూడా దగ్గరుండాలి. ఒక్కో షీటు ఇంచుమించు 27 కిలోమీటర్ల పొడవు, అంతే వెడల్పు నేలను చూపిస్తుంది.

2. అచ్చు వేయించేటప్పుడు స్కేలు చెడకుండా చూసుకోవాలి. జిరాక్స్ సెంటర్‌లో చాలావరకు పటాన్ని కాగితానికి సరిపోయేలా కుదించి ఇస్తారు. అప్పుడు 2 సెంటీమీటర్లు 1 కిలోమీటరు కాకుండా పోతుంది, వేసుకున్న లెక్కలన్నీ తప్పుతాయి. నూరు శాతం సైజులోనే అచ్చు వేయమని అడగాలి. వచ్చిన కాగితం మీది స్కేలు పట్టీని రూలుకర్రతో కొలిచి చూడాలి. ఏ4 కాగితం మీద సుమారు 10 కిలోమీటర్లు, 14 కిలోమీటర్ల మేర నేల పడుతుంది. ఒక రోజు నడకకు అది చాలు.

3. షీటు అంచున ఉన్న రాత చదవాలి. సర్వే ఏ ఏడాది జరిగింది? పటం ఏ డేటమ్ (అక్షాంశ రేఖాంశాల లెక్కకు ఆధారం) మీద గీశారు? పాత షీట్లు ఎవరెస్ట్ డేటమ్ మీద, కొత్తవి డబ్ల్యూజీఎస్ 84 మీద ఉంటాయి. ఫోన్ ఇచ్చేది డబ్ల్యూజీఎస్ 84 లెక్క. ఆ అంకెలను పాత షీటు మీద పెడితే వంద మీటర్లకు పైగా తేడా వస్తుంది. వాగుకు ఇవతల ఉన్న మనిషి పటంలో అవతలి గట్టున కనబడటానికి ఆ తేడా చాలు. పాత షీట్ల మీద జిల్లా పేర్లు కూడా వేరుగా ఉంటాయి. కొడంగల్ 1956 దాకా గుల్బర్గా జిల్లాలో, తర్వాత మహబూబ్‌నగర్‌లో ఉండి, 2016లో వికారాబాద్ జిల్లాలోకి వచ్చింది.

4. ఫోన్‌లోకి పటాన్ని ముందే దించుకోవాలి. ఉపగ్రహాల నుంచి స్థానం తెలుసుకోవడానికి జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు. సిగ్నల్ కావలసింది తెర మీద కనబడే పటానికి. ఓస్మ్ఆండ్, ఆర్గానిక్ మ్యాప్స్ వంటి యాప్‌లలో ప్రాంతం మొత్తాన్ని దించి పెట్టుకోవచ్చు. దించాక ఇంట్లోనే ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, పటం తెరుచుకుంటుందో లేదో చూడాలి. ఈ పరీక్ష చేయకుండా బయలుదేరినవారికి గుట్ట మీద ఖాళీ తెరే కనబడుతుంది.

5. కాలం లెక్క వేయాలి. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ప్రతి 100 మీటర్లకు అదనంగా 10 నిమిషాలు. 8 కిలోమీటర్ల దూరం, 150 మీటర్ల ఎత్తు ఉంటే దాదాపు 1 గంట 50 నిమిషాలు. పొదలు, ఎండ, పిల్లలు ఉంటే దానికి సగం కలుపుకోవాలి. పొద్దుగూకడానికి కనీసం గంట ముందు రోడ్డెక్కేలా బయలుదేరాలి.

6. అనుమతి, కబురు. రిజర్వు అడవిలోకి పోవాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. గీసుకున్న దారి ఫొటో, తిరిగొచ్చే వేళ ఇంట్లో ఒకరికి పంపి ఉంచాలి.

పటం చదవడం

టోపోషీటులో రంగులే సగం కథ చెబుతాయి. గోధుమరంగు గీతలు ఎత్తును, నీలం నీటిని, ఆకుపచ్చ అడవిని, పసుపు సాగుభూమిని చూపిస్తాయి. రోడ్లు, ఊళ్లు ఎరుపులో ఉంటాయి. తెగిన ఎర్రగీత బండిబాట, చుక్కల గీత కాలిబాట. ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే వాగులను నల్లగీతతో చూపడం సర్వే ఆఫ్ ఇండియా పద్ధతి. ఈ ప్రాంతంలో చిన్న వాగులు, ఒర్రెలు చాలావరకు ఆ కోవలోవే. బయలుదేరే ముందు షీటు అడుగున ఉన్న గుర్తుల పట్టికను ఒక్కసారి చదివితే అనుమానాలు తీరిపోతాయి.

గోధుమరంగు గీతలే కంటూరు గీతలు. 1:50,000 షీటులో మామూలుగా పక్కపక్క గీతల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లు. పటం మీద రెండు గీతల మధ్య 2 మిల్లీమీటర్లు ఉంటే నేల మీద 100 మీటర్లు నడిచి 20 మీటర్లు ఎక్కాలి, అది నడవదగ్గ ఎక్కుడే. 1 మిల్లీమీటరే ఉంటే 50 మీటర్లలో 20 మీటర్లు, అది బాగా నిటారైన ఎక్కుడు. గీతలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న చోట దారి గీయకూడదు.

ఈ గీతలు చూపలేనివీ ఉంటాయి. 15 మీటర్ల లోతు గని రెండు గీతల మధ్య ఇమిడిపోయి పటంలో అసలు కనబడకపోవచ్చు. తాండూరు చుట్టుపక్కల ఇది నిజమైన ప్రమాదం. తవ్వి వదిలేసిన గనిలో వాననీరు నిండి చెరువులా కనబడుతుంది, కానీ చెరువుకుండే కట్ట, మత్తడి దానికి ఉండవు. అంచు నిట్టనిలువుగా తెగి ఉంటుంది. పక్కనే పోసిన రాతి వ్యర్థాల కుప్పలు గుట్టల్లా కనబడి, పటంలోని అసలు గుట్ట ఏదో తెలియకుండా చేస్తాయి. అందుకే గనుల సీమలో గుర్తుగా కుప్పలను కాక రైలు కట్టను, గుడిని, చెరువు కట్టను, పాత బావిని పెట్టుకోవాలి.

ఈ ప్రాంతంలో నీటి దారి కూడా మంచి గుర్తు. అనంతగిరి నుంచి మూసీ తూర్పుకు, హైదరాబాద్ వైపు పారుతుంది. తాండూరు పక్కగా పోయే కాగ్నా పడమటికి పారి కర్ణాటకలో భీమాలో కలుస్తుంది. గుట్ట మీద దారి తెలియక నిలబడినప్పుడు దిగువన ఉన్న వాగు ఎటు పారుతోందో చూసి, పటంలోని వాగు గీతతో పోల్చితే ఏ వాలున ఉన్నదీ చాలావరకు తేలుతుంది.

అంకెల దగ్గర జాగ్రత్త

అక్షాంశ రేఖాంశాలను రాసే పద్ధతులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. ఒకదాన్ని మరొకటిగా చదవడం వల్ల జరిగే పొరపాటు చిన్నది కాదు. మిత్రుడొకరు ఫోన్‌లో చెప్పిన చోటు అంకె 17.10 అనుకుందాం. ఇది దశాంశాల్లో రాసిన డిగ్రీ, కొడంగల్ దగ్గరి అక్షాంశం. విన్నవారు దాన్ని 17 డిగ్రీల 10 నిమిషాలుగా రాసుకున్నారు. 10 నిమిషాలంటే డిగ్రీలో ఆరో వంతు, అంటే 17.167. తేడా 0.067 డిగ్రీ. డిగ్రీకి 110 కిలోమీటర్ల చొప్పున అది 7 కిలోమీటర్లు దాటుతుంది. కొడంగల్‌లో కలుసుకోవాల్సినవారు తాండూరు దారిలో ఎక్కడో ఎదురుచూస్తుంటారు.

దీనికి మందు సులువు. ప్రయాణం మొత్తానికి ఒకే పద్ధతి ఎంచుకోవాలి, ఫోన్ సెట్టింగ్ అందులోనే ఉంచాలి. అంకె చెప్పేటప్పుడు పద్ధతి పేరు కూడా చెప్పాలి. దశాంశం తర్వాత నాలుగు అంకెలు రాసుకుంటే 11 మీటర్ల వరకు కచ్చితత్వం వస్తుంది, తొవ్వ పట్టడానికి అంతకు మించి అక్కర్లేదు.

యూటీఎం గడుల లెక్క వాడేవారికి ఇక్కడ ఇంకో జాగ్రత్త అవసరం. 78 డిగ్రీల రేఖాంశం వికారాబాద్ పట్టణానికి తూర్పున సుమారు 10 కిలోమీటర్ల దూరంలో పోతుంది. దానికి పడమట 43వ జోన్, తూర్పున 44వ జోన్. గీత దాటగానే అంకెలు ఒక్కసారిగా మారిపోతాయి. పరికరం చెడిపోయిందని కంగారు పడకుండా జోన్ సంఖ్య చూసుకోవాలి.

దారిలో చేయాల్సినవి

1. బండి దిగగానే ఆ చోటును జీపీఎస్‌లో దాచుకోవాలి. తిరిగి రావాల్సింది అక్కడికే. అడ్డులేని ఆకాశం కింద రెండు మూడు నిమిషాలు ఆగితే చుక్క కుదురుకుంటుంది. మంచి ఫోన్‌లో 5 మీటర్ల వరకు నమ్మవచ్చు. చెట్ల గుబురులో, గని గోడల పక్కన సంకేతాలు తగిలి మళ్లి వస్తాయి కాబట్టి చుక్క పక్కకు గెంతుతుంది. అలాంటి చోట ఒక్కసారి చూసి తీర్మానించకూడదు.

2. పటాన్ని నేలకు సరిపెట్టాలి. దిక్సూచిని పటం మీది ఉత్తరగీత పక్కన ఉంచి, ముల్లు ఆ గీతకు సమాంతరమయ్యే దాకా పటాన్నీ దిక్సూచినీ కలిపి తిప్పాలి. అప్పుడు పటంలో కుడివైపు ఉన్నది నేల మీదా కుడివైపే ఉంటుంది. అయస్కాంత ఉత్తరానికి, అసలు ఉత్తరానికి ఈ ప్రాంతంలో తేడా చాలా తక్కువ, సుమారు ఒక డిగ్రీ. కాలినడకకు దాన్ని పట్టించుకోనక్కర్లేదు. జీపు, మోటార్‌సైకిల్, ఫోన్ మాత్రం ముల్లును పక్కకు లాగుతాయి. వాటికి దూరం జరిగి చూడాలి.

3. తర్వాత రావాల్సిన గుర్తును ముందే చెప్పుకోవాలి. "ఇక్కడి నుంచి 600 మీటర్లలో ఎడమ పక్క కుంట, ఆ తర్వాత ఒర్రె" అని నడిచే ముందే అనుకోవాలి. కుంట వచ్చిందంటే దారి సరైనదే. 800 మీటర్లు నడిచినా రాలేదంటే ఆగాలి. దూరం తెలియడానికి అడుగుల లెక్క ఉంది: కుడికాలు నేల తాకినప్పుడల్లా ఒకటి లెక్కిస్తే, చాలామందికి 100 మీటర్లకు 60 నుంచి 65 వస్తాయి. ఎవరి లెక్క వారు ఊరి రోడ్డు మీద కిలోమీటరు రాళ్ల మధ్య తేల్చుకోవాలి.

4. ప్రతి చీలిక దగ్గరా ఆగాలి. బాట రెండుగా చీలిన చోట జీపీఎస్ చుక్క, పటం మీది గీత, కంటి ముందు బాట, మూడూ ఒకే మాట చెబుతున్నాయా? రెండు ఒకటి చెప్పి మూడోది కాదంటే ఆ మూడోది ఎందుకు కాదంటోందో తేలే దాకా కదలకూడదు. ఈ ఆగడానికి పట్టేది ఒక్క నిమిషం. తప్పు చీలిక పట్టి తిరిగి రావడానికి పట్టేది ఒక్కోసారి పూట.

5. వెనక్కి తిరిగి చూడాలి. వచ్చేటప్పుడు బాట ఎదురు వైపు నుంచి వేరేలా కనబడుతుంది. ప్రతి మలుపు దగ్గర ఒకసారి వెనక్కి చూసి, చెట్టో బండో గుర్తు పెట్టుకుంటే తిరుగు దారి తేలికవుతుంది.

6. ఊరివారిని సరిగా అడగాలి. "కాకా, ఈ తొవ్వ కోట్‌పల్లికి పోతదా?" అని అడిగితే "పోతది" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. అది అబద్ధం కాదు. ఎక్కడో తిరిగి తిరిగి ఆ తొవ్వ కోట్‌పల్లికి చేరుతుంది కూడా. "కాకా, ఈ తొవ్వ ఏడికి పోతది?" అని అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. "బండి పోతదా, నడిచే పోవాల్నా?", "వాగుల నీళ్లున్నయా?", "నడిస్తే ఎంతసేపు?" అన్నవి తర్వాతి ప్రశ్నలు. దూరం అడిగితే "గీ పక్కనే" అనవచ్చు. సమయం అడిగితే జవాబు నిజానికి దగ్గరగా ఉంటుంది. ఏ పటమూ చెప్పలేని నిన్నటి వాన సంగతి చెప్పగలిగేది పశువులు కాసే మనిషే.

తరచూ జరిగే పొరపాట్లు

*పాత బాట ఇంకా ఉందనుకోవడం.* పూడూరు మండలంలోని దామగుండం అడవిలో నౌకాదళ రేడియో కేంద్రానికి 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన జరిగింది. దానికి సుమారు 2,900 ఎకరాల అటవీ భూమి కేటాయించారు. ఆ అడవిలో అంతకుముందు నడిచినవారు, సైకిల్ తొక్కినవారు దాచుకున్న ట్రాకులు (జీపీఎస్ నమోదు చేసిన దారులు) ఫోన్లలో ఇప్పటికీ ఉండవచ్చు. ట్రాకు ఉన్నంత మాత్రాన ప్రవేశం ఉన్నట్టు కాదు. ఏ ట్రాకుకైనా తేదీ చూడాలి, బోర్డు కనబడిన చోట ఆగిపోవాలి.

*కాలాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం.* వేసవిలో చేను మధ్యగా పోయిన కాలిబాట తొలకరి దుక్కితో చెరిగిపోతుంది. నవంబర్ నాటికి కంది మనిషెత్తు పెరిగి చూపు ఆపేస్తుంది. కోతలయ్యాక జనవరిలో అదే చోటు నుంచి రెండు మూడు ఊళ్లు కనబడతాయి. కొత్తగా నేర్చుకునేవారికి సంక్రాంతి తర్వాతి నెలలు అనువైనవి. పంట ఉన్నప్పుడు బాట కనబడకపోతే చేనుకు అడ్డంగా పోకుండా గట్టు వెంట చుట్టి పోవాలి. తొక్కిన మొక్క ఒకరి కష్టం.

*కారు దారిని చూపమని అడిగి బండిబాటలో ఇరుక్కోవడం.* యాప్ అతి దగ్గరి దారి వెతుకుతుంది. దానికి నల్లరేగడి బురద తెలియదు. వాన పడిన మర్నాడు రేగడి బాటలో దిగిన జీపు చక్రాలకు మన్ను గడ్డకట్టి తిరగనివ్వదు. వాహనంతో పోయేవారు చీలిక దగ్గర దిగి కనీసం 100 మీటర్లు నడిచి చూసి రావాలి. అడుగు కనబడని పారే నీటిలో బండి దించకూడదు, నడిచీ దిగకూడదు.

*తెరనే చూస్తూ నడవడం.* తెర మీది చుక్కను వెంబడించేవారికి దారి గుర్తుండదు. ఫోన్‌ను జేబులో పెట్టి, చీలిక వచ్చినప్పుడు మాత్రమే తీయాలి. ఫ్లైట్ మోడ్‌లో, వెలుగు తగ్గించి ఇలా వాడితే బ్యాటరీ సాయంత్రం దాకా వస్తుంది. పవర్ బ్యాంకు అయినా సంచిలో ఉండాల్సిందే.

దారి తప్పితే

దారి తప్పడం సిగ్గుపడే విషయం కాదు. తప్పానని ఒప్పుకోకుండా ఇంకో అరగంట నడవడమే అసలు ముప్పు. అలాంటప్పుడు చేయాల్సినవి వరుసగా ఇవి:

1. ఆగాలి, నీడలో కూర్చోవాలి, నీళ్లు తాగాలి.
2. కచ్చితంగా తెలిసిన చివరి చోటు ఏదో పటం మీద వేలు పెట్టి చూపాలి. అక్కడి నుంచి ఎంతసేపు నడిచారు? అంతకు మించి దూరం పోయి ఉండరు.
3. జీపీఎస్ ఉంటే వచ్చిన ట్రాకు వెంటే వెనక్కి పోవాలి. అడ్డదారి వెతకకూడదు.
4. జీపీఎస్ లేకపోతే రెండు స్పష్టమైన గుర్తుల వైపు, ఉదాహరణకు ఒక గుడి, ఒక చెరువు కట్ట వైపు, దిక్సూచితో కోణాలు కొలవాలి. ఒక్కో కోణం 180 కంటే తక్కువైతే దానికి 180 కలిపి, ఎక్కువైతే అందులోంచి 180 తీసి, ఆ దిశలో పటం మీద ఆ గుర్తు నుంచి గీత గీయాలి. రెండు గీతలు కలిసిన చోటే నిలబడ్డ చోటు.
5. గుర్తులేవీ కనబడకపోతే దాటిపోలేనంత పొడవైన దాని వైపు నడవాలి. వికారాబాద్, తాండూరు మధ్య అలాంటిది రైలు మార్గం. కొడంగల్ వైపు పరిగి మీదుగా హైదరాబాద్ పోయే హైవే. ఏ దిక్కుకు నడిస్తే అది తగులుతుందో ఇంట్లోనే చూసుకుని పటం మూలన రాసుకోవాలి.
6. ఎవరికైనా దెబ్బ తగిలినా, చీకటి పడుతున్నా 112కు ఫోన్ చేసి అక్షాంశ రేఖాంశాలు చదివి చెప్పాలి. మాట అందనంత బలహీనంగా సిగ్నల్ ఉంటే అవే అంకెలు ఇంటివారికి ఎస్సెమ్మెస్‌గా పంపాలి. పంపాక ఆ చోటు వదిలి కదలకూడదు.

సాధన, తిరిగొచ్చాక

మొదటి ఆదివారం తెలిసిన ఊరి చుట్టూ పటంతో నడిచి, గుడి, చెరువు, బడి, తండా పటంలో ఎలా ఉన్నాయో చూడాలి. రెండో ఆదివారం జీపీఎస్‌ను కలిపి, ప్రతి చీలిక దగ్గరా రెండింటినీ పోల్చాలి. మూడో ఆదివారం జీపీఎస్‌ను స్నేహితుడి జేబులో పెట్టి పటంతోనే నడవాలి. ఆగిన చోటల్లా ఇక్కడున్నామని పెన్సిలుతో గుర్తు పెట్టి, తర్వాత జీపీఎస్‌తో సరిచూడాలి. మొదట్లో 300 మీటర్ల తేడా రావచ్చు. అది 100కు తగ్గిన రోజు కొత్త చోటికి బయలుదేరవచ్చు.

ఇంటికొచ్చాక ఇంకో పది నిమిషాల పని మిగిలి ఉంటుంది. పటంలో లేని కొత్త గని, కంచె వేసిన బాట, తెగిన చెరువు కట్ట, కొత్తగా పడిన మట్టిరోడ్డు, వీటిని పెన్సిలుతో షీటు మీద గుర్తించి పక్కన తేదీ వేయాలి. నమోదైన ట్రాకుకు ఊరి పేరు, నెల కలిపి పేరు పెట్టి దాచాలి. మరుసటిసారి ఆ దారిన పోయేవారు, అది సొంత పిల్లలే కావచ్చు, ఆ పెన్సిలు గుర్తు చూసి గని అంచుకు పది అడుగుల ముందే ఆగుతారు.